మూడో సూది

రెండుసార్లు పొడిచినా నరం దొరక్కపోతే మూడో సూది నేను గుడ్డిగా పొడవను. ఒక పెద్దాయన పెట్టిన నియమం ఇది.

పదిహేనేళ్లుగా నర్సును. నరం వేలికి తగిలితే చాలు, సూది ఎక్కించేస్తానని గర్వం. అందుకే మా వార్డుకు లోపలి నరాలను తెరమీద చూపించే స్కానింగ్ మిషన్ వచ్చినా ముట్టుకోనని పంతం పట్టాను.

ఆ పెద్దాయనను ముదిగుబ్బ వైపు నుంచి తెచ్చారు. మూడు రోజుల వాంతులతో నరాలన్నీ అణిగిపోయాయి. సెలైన్ ఎక్కించాల్సిందే. రెండుసార్లు పొడిచి, మూడో సూది తీశాను.

టెంకాయ అరచేతిలో పెట్టుకుని చేలల్లో నడిచి, అది నిలబడిన చోట నీళ్లున్నాయని బోరు వేయమని చెప్పే మనిషట ఆయన.

"నేనూ నీ మాదిరే చెయ్యిని నమ్మినోన్నేమ్మా. నా చేన్లోనే మూడు బోర్లు ఏపిస్తే దుమ్మే లేసింది. చూసే మిషనుంటే తెచ్చుకోరాదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా మిషన్ తోసుకొచ్చాను. దాని ప్రోబ్‌ను ఆయన చేతిమీద ఆనించి గట్టిగా అదిమేసరికి తెరమీది నరం నలిగి మాయమైంది. పట్టు సడలిస్తే నల్లగా, గుండ్రంగా విచ్చుకుంది. సూది మొన తెల్లటి చుక్కలా అందులోకి దిగేదాకా రెప్ప వేయలేదు. సూది వెనక గొట్టంలో రక్తం కనిపించింది.

"పడింది, తాతా!"

"ఎన్నడుగులకు?"

"అరంగుళానికే."

"అరంగుళానికేనా! మరి ఇంతసేపూ యాడ పొడిస్తివమ్మా?"