కారులో తీపి వాసన

మా పాత కారు కూలెంటు తాగడం మొదలుపెట్టిన ఎండాకాలంలోనే, నేను దొంగతనంగా మిఠాయిలు తింటున్నానని నా భార్య తీర్మానించుకుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పటికి ఇద్దరికీ తెలియదు. కర్నూలులో మా ఇంటి ముందు, ఒకే కారు చుట్టూ, నేను ఆకుపచ్చ నీళ్ళ కోసం, ఆమె మైసూరుపాకు కోసం వెతుకుతూ తిరిగాము.

ఇంజను వేడెక్కకుండా రేడియేటరులో పోసే ఆకుపచ్చ నీళ్ళే కూలెంటు. గీత దాకా నింపి కోడుమూరు వెళ్ళి వస్తే మట్టం సగానికి దిగిపోయేది. కారు కింద మాత్రం ఒక్క చుక్క కనపడేది కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పనీ వరస తప్పి చేసినవాణ్ణి కాను. ముందు కారు నిలిపే చోటు కడిగి ఆరబెట్టాను. పాత దినపత్రికలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టాను. పొద్దున్నే ఒక్కో కాగితం ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. తరువాత ఇంజను పైపులకు ముగ్గుపిండి పూశాను, తడి తగిలితే చార పడుతుందని. చార పడలేదు గాని, స్టార్టు చేసి పైకి వంగి చూడగానే ఫ్యాను ఆ పిండినంతా నా మొహాన కొట్టింది. రోజూ ఏం చేశానో డైరీలో రాసుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ వారాల పేజీలన్నీ ‘కారణం తెలియలేదు’ అనే ముగుస్తాయి.

మా కారు చూసే మెకానిక్ బానెట్ ఎత్తి, చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

“ఇంజనే తాగుతాంది సార్. విప్పల్ల.”

“విప్పితే తెలుస్తాదా?”

“విప్పినాక గదా సార్, తెలిసేదీ లేనిదీ తెలిసేది.”

నేను ఒప్పుకోలేదు. అయితే ఇదన్నా చేద్దామని రేడియేటరులో గుప్పెడు పసుపు పోశాడు. సన్న చిల్లులుంటే పూడుకుంటాయట. చిల్లు పూడలేదు. కొన్నాళ్ళు బానెట్ ఎత్తినప్పుడల్లా చిత్రాన్నం వాసన మాత్రం వచ్చింది.

ఇక నా భార్య వైపు సంగతి. నాకు షుగరు ఉంది. కారులో ఆమె కూర్చునే ఎడమవైపు చీమలు పట్టాయి. తలుపు తీస్తే పాకం కాచినట్టు తియ్యటి వాసన. ముందు అద్దానికి లోపలివైపు ఏదో జిడ్డు. దినమూ పొద్దున్నే కారులోకి పోయి తలుపు వేసుకుని, కాసేపుండి, గుడ్డతో అద్దం తుడిచి బయటికి వచ్చే షుగరు మనిషిని ఏ భార్య మాత్రం నమ్ముతుంది?

“ఏం తింటాండారు కార్లో?” అని ఒకరోజు నేరుగానే అడిగింది.

“తినేది ఏముండాదే ఆడ? కూలెంటు యాడికి పోతాందో చూస్తాండా.”

“కూలెంటుకు చీమలు పడతాయా?”

ఆమె కాళ్ళ కింద మ్యాటు కూడా తడిగా ఉండేదట. తన నీళ్ళ సీసా కారుతోందనుకుని, ఒక పాత చీర మడిచి వేసుకుని, ఇంటికి రాగానే తీగ మీద ఆరేసేది. సరిగ్గా ఆ తీగ కిందే నేను వెల్లకిలా పడుకుని, తల మాత్రం బయట ఉంచి, కారు అడుగున టార్చి వేసి చూసేవాణ్ణి. చీర నుంచి ఒకటి రెండు చుక్కలు నా నుదుటి మీద కూడా పడ్డాయి. తుడుచుకుని, కొంచెం పక్కకు జరిగి పడుకున్నాను.

చివరికి ఆమె వేంపల్లెలో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. “ఈ కారుంటే మీ బావ షుగరు దిగదురా. వచ్చి తోలకపోయి అమ్మేయ్” అంది, నాకు వినపడేలా.

ఆ కారు నేను మొదటిసారి సొంతంగా నడిపిన బండి. డ్రైవింగు అందులోనే నేర్చుకున్నాను. ఇంకొకటి కొనే వయసు కాదు. అది పోతే నేను మళ్ళీ స్టీరింగు పట్టేది లేదని నాకు తెలుసు.

నా బావమరిదిది సేద్యం. దాంతో పాటు చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి బోర్లకు నీళ్ళు చూస్తాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేను చేనంతా నడుస్తాడు. అది నిటారుగా లేచిన చోట నీళ్ళున్నట్టు. ఆదివారం పొద్దున్నే దిగి, కాఫీ తాగి, అక్క ఇచ్చిన కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

“కూలెంటు యాడ కారుతాందో చెప్పకుండా అమ్మితే, కొన్నవాడు రేపు నిన్ను అడగడా అప్పా?” అన్నాను.

“అదీ నిజమే బావా” అని ఆలోచించి, వంటింటి వైపు తిరిగాడు. “అక్కా, టెంకాయ ఉండాదా?”

తల మీద నీళ్ళు పోసుకుని, చెప్పులు విడిచి, కారు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. టెంకాయ మొదట మా సంపు మీద లేచింది.

“సంపు ఉండేది మాకు తెలుసులేరా” అంది నా భార్య.

రెండోసారి పక్కింటి వాళ్ళ కాలువ దగ్గర లేచింది. మూడోసారి కారు ఎడమవైపు ముందు తలుపు దగ్గర లేచి, ఊగి, నిలబడింది.

“ఈడ ఉండాది బావా. శానా పైననే ఉండాది. మోటరు గూడ అక్కర్లేదు.”

“అది మీ అక్క నీళ్ళ సీసా లేప్పా.”

“నా సీసా ఇంట్లో ఉండాది” అంది నా భార్య. వెంటనే ఆమెకు వేరే ఆలోచన తట్టింది. “ఆడనే దాపెట్టినారన్న మాట!” అని తలుపు తీసి, మ్యాటు లాగి పారేసి, దాని కింది కార్పెటు కొస పట్టి ఎత్తింది. మైసూరుపాకు లేదు. కార్పెటు కింది స్పాంజిని చేత్తో నొక్కితే వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చ నీళ్ళు కారాయి. వాటితో పాటు బోలెడు చచ్చిన చీమలు.

బావమరిది టెంకాయను రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. అది పనిచేయడం అతనికే కొత్తలా ఉంది.

మెకానిక్‌ను పిలిపించాము. తడి వేలు వాసన చూసి, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, కాసేపటికి బయటికి వచ్చాడు.

“హీటర్ సార్.”

“ఏం హీటర్?”

“కార్ హీటర్. చలికి కాళ్ళు ఎచ్చగా ఉండేదానికి. ఇంజన్ నీళ్ళే దాంట్లోకి వచ్చి పోతాయి. దానికి చిల్లు పడి ఈడికి కారుతాంది. తీపి వాసన దీనిదే. విషం, నోట్లో పెట్టుకోవద్దండి.”

ఆ సమయానికి కారు తలుపు పిడిని చేత్తో పట్టుకోలేనంత ఎండగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర గీత ఉన్న ఆ మీటను ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ ముట్టుకోలేదు.

“మరి ముందే ఎందుకు చూడలేదప్పా?” అన్నాను.

“మనూర్లో చలి యాడుండాది సార్? అది ఉండేదే మర్చిపోయినా.”

“ఎండాకాలమంతా కుంపటి పెట్టుకోని తిరుగుతాండావా బావా?” అని బావమరిది కూలబడి నవ్వాడు.

హీటరుకు పోయే పైపులు రెండింటినీ మెకానిక్ ఇంజను దగ్గరే ఒకదానికొకటి కలిపి బిగించాడు. “ఇంక హీటర్ పనిచేయదు సార్, పర్వాలేదా?” అని నిజంగానే అడిగాడు. ఆ ఎండాకాలం నా భార్య నవ్వడం అదే మొదలు.

కార్పెటు కడిగి ఆరబెట్టి, మరుసటి రోజు ముగ్గురం కోడుమూరు వెళ్ళి వచ్చాము. కూలెంటు గీత మీదే ఉంది. పాత చీర పొడిగా ఉంది. తాళాలు మాత్రం నేను కారు ఆపగానే మళ్ళీ బావమరిది జేబులోకి పోయాయి. నా భార్య కారు దిగలేదు. అద్దాలన్నీ ఎక్కించుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా గాలి పీల్చింది.

“తాళాలు ఆయనకు ఇచ్చేయ్‌రా” అంది దిగుతూ.

“అమ్మొద్దా అక్కా?”

“ఎందుకు అమ్మేది? వాసన పోయె గదా. ఇంక ఈయన కార్లో ఏం తిన్నా తెలిసిపోతాది.”

బావమరిది తాళాలు నా చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగాడు. “సోంపు గూడ తినొద్దు బావా” అన్నాడు.