దయ్యాన్ని తుడిచేసిన సంతకం

రిటైరవడానికి ఏడాది ముందు నేను బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ సూపర్‌వైజర్‌ని. పాత ఫిల్ములను శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చడం మా వ్యాపారం. ప్రతి ఫిల్మునూ మొదటినుంచి చివరిదాకా చూసి సంతకం పెట్టడం నా డ్యూటీ. నేను మొదలూ చివరా చూసేవాణ్ని. మధ్యలో కొత్తగా ఏముంటుంది, నా అనుభవం ఏమైపోయినట్టు?

ఆ చలికాలం ఓ దయ్యాల సీరియల్ వచ్చింది. టీవీ పుట్టిన కొత్తల్లో తీసిన నలుపు తెలుపు బొమ్మ. వారానికో కథ, కథకో దయ్యం. ఒక ఎపిసోడ్ ఆపరేటర్ రాజేశానికి పడింది. నిజామాబాద్ వైపు మనిషి, నయీమ్ పేటలో భార్యాపిల్లలతో కాపురం. గీతలు, మరకలు ఫ్రేము ఫ్రేముకూ తుడవడం అతని పని. అనుమానమొస్తే రిపోర్టులో రాసి అడగాలి. నేను టిక్కు పెడితే తీసేస్తాడు.

ఎపిసోడ్ పంపిన వారానికి క్లయింటు మెయిల్ పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉందట, దయ్యం మాత్రం కనబడటం లేదట. హీరోగారు ఖాళీ మెట్లను చూసి కెవ్వుమని అరిచి, పద్ధతిగా మూర్ఛపోతున్నారు.

రాజేశం వీసా రెన్యువల్‌ని మేనేజరు ఆపేసి, నెలాఖరుకి ఖలాస్, ఇంటికి పొమ్మన్నాడు. పిల్లలకేమో పరీక్షలు. ఇంత నిర్లక్ష్యమా అని నేనూ ఊగిపోయి, రిపోర్టు తీశాను. పన్నెండో నిమిషంలో మెట్ల మీద ఆడమనిషి ఆకారంలో తెల్లటి మరక ఉంది, తీసెయ్యాలా అని రాజేశం శుభ్రంగా అడిగాడు. పక్కన నా టిక్కు. కింద నా సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ఆ కాగితం రెండు రోజులు నా సొరుగులోనే ఉంది. రిటైరయ్యేముందు నాకెందుకీ మచ్చ అనుకున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ సొరుగు తెరవలేదు. మూడోరోజు రాజేశం ఎదురుపడితే, మేనేజరుకు అసలు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరే చెప్తరనుకున్న సార్," అన్నాడు.

ఆ పూటే కాగితం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టాను. రాజేశం వీసా రెన్యువల్ అయింది. శుభ్రం చెయ్యక ముందటి స్కాన్ నుంచి అతనే దయ్యాన్ని ఒక్క షిఫ్టులో మెట్లెక్కించాడు. నాకు సర్వీసులో మొట్టమొదటి వార్నింగ్ లెటరు వచ్చింది.

సంతకమంటే చూశానని చెప్పడం. చూడకుండా పెడితే అబద్ధం, దాని శిక్ష కింద పనిచేసేవాడికి పడుతుంది. మిగిలిన ఎపిసోడ్లన్నీ మొదటినుంచి చివరిదాకా చూశాను. పరమ బోరు. అయినా చూశాను, జీతం ఇచ్చేది అందుకేనని అప్పటికి తెలిసొచ్చింది కాబట్టి.