ఆకుల మీద నడిచే పిట్ట, గట్టు మీద నేను

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను రామచంద్రపురం దగ్గరి ఒక పల్లెలో హైస్కూలు సైన్సు మాస్టారిని. మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం వినకుండా ఆ స్కూలు నుంచి బయటపడ్డ పిల్లలు లేరు. గ్రహణం రోజున అందర్నీ ఆవరణలో నిలబెట్టి బిస్కెట్లు తినిపించి, నేనూ రెండు తిని, ఊరి అజ్ఞానాన్ని అంతటితో అంతం చేశానన్న ధీమాతో ఇంటికి వెళ్ళినవాణ్ణి.

అలాంటి నాకు ఒక శ్రావణమాసంలో కూతురు పుట్టింది. నా భార్య పురిటికి తణుకులో పుట్టింట్లో ఉంది. మావగారు స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి, తల్లీ పిల్లా క్షేమమని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, పిల్ల మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టిందనీ, తండ్రికి దోషమనీ, మూడు నెలలు గడిచి శాంతి జరిగేదాకా నేను పిల్ల ముఖం చూడకూడదని సిద్ధాంతిగారు చెప్పారనీ అన్నారు. మా అమ్మ అప్పటికే సరేనందట. నేను అక్కడే ఎగిరిపడి ఉండాల్సింది. "అలాగేనండి, పెద్దలు ఎలా చెబితే అలా" అన్నాను.

స్టాఫ్ రూములో దీనికి పెద్దల మీద గౌరవం అని పేరు పెట్టాను. నిజానికి నాకు భయం వేసింది. మూడు కిలోల పిల్లని చూస్తే పోతానేమోనన్న భయం. బిస్కెట్లు తిన్నంత సులువు కాలేదు ఆ పని.

సాయంత్రాలు ఏమీ తోచేది కాదు. స్కూలు వెనక కాలువ గట్టుకు ఎప్పుడో మట్టి తవ్వగా మిగిలిన పెద్ద గుంట ఒకటి ఉండేది. సగం తామర, సగం గుర్రపుడెక్క, అంచుల్లో జమ్ము. నీళ్ళు ఎక్కడా కనిపించేవి కావు. ఆ పచ్చదనం మీద ఒక పిట్ట తీరిగ్గా నడుస్తూ ఉండేది. పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది, ఊళ్ళో మాత్రం ఆకుల మీద నడిచే పిట్ట అనేవారు. కోడిపెట్టంత కూడా ఉండదు. నిగనిగలాడే నల్లటి తల, కంటి మీదుగా తెల్లటి చార, కంచు రంగు వీపు. కాలివేళ్ళు మాత్రం ఆ ఒంటికి బొత్తిగా సరిపోనంత పొడుగు. అంత పొడుగు వేళ్ళు పరుచుకుని అడుగు వేస్తుంది కాబట్టే దాని కింద ఆకు మునగదు. ఆకు అంచు ముక్కుతో పైకెత్తి, కింద దాగిన పురుగునో నత్తపిల్లనో తిని, పక్క ఆకు మీదికి దాటుతుంది.

దానికి గుంట నడుమ నాలుగు గుడ్లున్నాయి. గూడు అనడానికి నోరు రాదు. తడిసిన కాడలు నాలుగు పోగేసి ఇదే ఇల్లంది. గోధుమరంగు గుడ్ల మీద ఎవరో నల్ల సిరాతో పిచ్చిగీతలు గీసినట్టుండేది. పిట్ట కూర్చుంటే ఆ గుడ్లను రెక్కలతో ఒంటికి అదుముకునేది. కాకి వాలితే రెక్కలు విప్పి కీచుమంటూ మీదికి పోయేది. వాన కురిస్తే తడుస్తూ అలాగే కూర్చునేది. నేను గట్టు మీద గొడుగు కింద నిలబడి ఇదంతా నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి.

ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి తణుకు ఫోన్ చేసేవాణ్ణి. పిల్ల ఎలా ఉందని ఒక్క ముక్క అడిగి, పిట్ట గురించి పది నిమిషాలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఓపిగ్గా వినేది. ఒకసారి మాత్రం మధ్యలో ఆపింది.

"ఆ గుడ్ల మీద గీతలు ఎలా ఉంటాయో కూడా చెబుతున్నారు. మన పిల్లకి జుట్టుందో లేదో ఇంతవరకు అడగలేదండి మీరు."

లైను సరిగా లేదని చెప్పి పెట్టేశాను. లైను బ్రహ్మాండంగా ఉంది.

ఆ వారంలోనే తొమ్మిదో తరగతిని గట్టు మీదికి తీసుకెళ్ళి పాఠం చెప్పాను. తల్లి ప్రేమ అంటే ఇదీ అన్నాను. ఎండా వానా లెక్కచేయకుండా ఆ తల్లి కూర్చుంటే, బాధ్యత లేని తండ్రి ఎక్కడో తిరుగుతున్నాడు చూడండి అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

గుంటలో ఛాతీ లోతు నీళ్ళలో ఒకాయన తామరాకులు కోస్తున్నాడు. రామచంద్రపురం హోటళ్ళకు ఆకు కట్టలు వేసే మనిషి. రోజూ అక్కడే పని, అయినా ఆ గూడున్న వైపు ఆకు కొయ్యడు. నా పాఠం అయ్యేదాకా మర్యాదగా ఆగాడు.

"మాస్టారూ, అది తల్లి కాదండి. తండ్రండి," అన్నాడు. "ఆడది అదిగో, జమ్ము దగ్గర, దీనికంటే పెద్దది. గుడ్లెట్టేసి దాని దారిన అది పోద్దండి. పొదిగేదీ పెంచేదీ అంతా ఈ మగాడేనండి."

తరగతి మొత్తం నా వైపు తిరిగింది. పుస్తకం చూసి నిర్ధారించుకోవాలి అన్నాను గంభీరంగా. మర్నాడు టౌను లైబ్రరీలో చూశాను. ఆయన చెప్పిందే రాసి ఉంది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. ఒకదాన్ని ఏదో ఎత్తుకుపోయింది, మూడు మిగిలాయి. ఆ శనివారం పొద్దుటి నుంచి జోరువాన. మురుగు కాలువ ఎగదన్ని గుంటలోకి నీళ్ళు వచ్చేశాయి. పిల్లలున్న గుర్రపుడెక్క తెప్ప విడిపోయి కొట్టుకుపోసాగింది. పిట్ట మోకాళ్ళు వంచి కూర్చుని రెక్కలు కాస్త ఎడం చేసింది. పిల్లలు మూడూ వాటి కిందకి దూరాయి. రెక్కలు బిగించి లేచింది. దాని ఒంటి కింద ఆరు చిన్న కాళ్ళు వేలాడుతున్నాయి. అలాగే మోసుకుంటూ, ఆకులు మునుగుతున్నా ఆగకుండా, అవతలి జమ్ములోకి నడిచిపోయింది.

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, గట్టు మీద ఒంటరిగా ఉన్నా తల ఎత్తలేనంత సిగ్గు. ఆ పిట్టకు జాతకం చెప్పినవాళ్ళు లేరని ఒక సాకు వెతుక్కోబోయాను గానీ, అది నాకే నచ్చలేదు.

మర్నాడు రావులపాలెంలో బస్సు మారి తణుకు వెళ్ళాను. దారిలో నా బుర్ర ఊరికే ఉండలేదు. చూడకూడదన్నారు గానీ ఎత్తుకోకూడదని ఎవరూ అనలేదు కదా అని ఒక ఉపాయం కనిపెట్టింది. అత్తగారు గుమ్మంలోనే కంగారుపడుతుంటే, అరుగు మీద కూర్చుని, జేబురుమాలు కళ్ళకు కట్టుకుని, చేతులు చాచాను. సైన్సు మాస్టారి అవతారం అది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఏమనుకున్నారో నేను చూడలేదు, ఆ ఒక్కటీ మంచిదే అయింది.

మా ఆవిడ బయటికి వచ్చి నా చేతుల్లో పిల్లను పెట్టింది. వెచ్చగా ఉంది. ఏదో నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"ఇది మిమ్మల్నే చూస్తోందండి," అంది మెల్లగా.

రుమాలు తీసేశాను. జుట్టు బోలెడుంది. ముక్కు మాత్రం నాదే, పాపం.

ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. మా అమ్మకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. మూడు నెలలకు శాంతి పెట్టారు. తండ్రి మొట్టమొదట పిల్ల ముఖాన్ని నూనెలో చూడాలి. కంచు పళ్ళెంలో నువ్వుల నూనె పోసి నా ముందు పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. కొత్త ముఖం కనిపిస్తే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుందని, ముందే మా అమ్మ గిలక్కాయ పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. తొలిసారి చూస్తున్న తండ్రి ముఖం ఎలా పెట్టాలో నేను రాత్రే అద్దంలో సాధన చేసుకున్నాను. ఆశ్చర్యపడటానికి గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడు వినగానే పిల్ల నా వైపు తిరిగి, బోసినోటితో కిలకిలా నవ్వి, రెండు చేతులూ నా మీదికి చాచింది.

మా అమ్మ గిలక్కాయ కింద పెట్టి నన్నొకసారి పై నుంచి కిందదాకా చూసింది.

"బతికే ఉన్నావుగా," అంది. "ఎత్తుకో మరి, చేతులు చాస్తోంది."