అసిరయ్య తర్జుమా

ఉత్తరాదిన ఉక్కు కార్ఖానా పేట అగ్రికోలో తెలుగు క్రైస్తవులు ఒక క్వార్టరు ముందు రేకులు దింపుకుని ప్రార్థన చేసుకునేవారు. వాళ్లకు పెద్ద అసిరయ్య. పేరు ఊరి దేవత అసిరితల్లిది, ప్రార్థన యేసుకి. ఇదేం పొత్తని ఎవరైనా అడిగితే, "పేరు మా అయ్య పెట్టాడు, రచ్చణ నేను ఎతుక్కున్నాను" అనేవాడు.

కార్ఖానాలో కడ్డీల మందానికి గేజీ పెట్టి చూడటం ఆయన పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేయించేవాడు. హిందీ బోధకులు వస్తే తెలుగులోకి తర్జుమా కూడా ఆయనదే. మాటకు మాట తప్ప ఒక్క అక్షరం సొంతంగా కలిపేవాడు కాదు. బోధకుడి దగ్గును మాత్రం వదిలేస్తాడని ఎగతాళి చేసేవారు.

డెబ్బై ఎనిమిది వేసవిలో ఎక్కడినుంచో ఒక ప్రవక్త వచ్చాడు. మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి "ఇది ప్రభువు మాట" అనేవాడు. సంఘంలోని పోలరాజుకు వచ్చే నెల ఫోర్‌మన్ ప్రమోషన్ అని ప్రవచించాడు. పోలరాజు రిటైరై రెండేళ్లయింది. అసిరయ్య ఒళ్లు మండినా ఉన్నదున్నట్టు తర్జుమా చేశాడు. జనం ఆమెన్ అన్నారు, పోలరాజుతో సహా.

తర్వాత నూకాలమ్మ వంతు వచ్చింది. బిష్టుపూర్ బజారులో కూరలమ్ముకునే ఒంటరి మనిషి. టీబీ. ఏడాదిన్నర మందు మింగాలన్నారు, మూడు నెలలే అయింది. ప్రవక్త ఆమె నెత్తిన చెయ్యి పెట్టి కేకేశాడు.

"దవాయి ఫేంక్ దో! తూ చంగీ హో గయీ!"

మందు పారేయమంటున్నాడు, నయమైపోయిందంటున్నాడు. అసిరయ్య గుటకలు మింగాడు. జనం ఆయన నోటివంక చూస్తున్నారు.

"మందు మానొద్దమ్మా. డాక్టరు ఆపమనీదాకా మింగు. ఇది ప్రభువు మాట."

తెలుగు రాని ప్రవక్త హల్లెలూయా అన్నాడు. జనం ఆమెన్ అన్నారు.

ఇంటికెళ్లాక అసిరయ్య బైబిలు తెరిచాడు. ప్రతి ఆత్మనూ పరీక్షించమన్న బైబిలు మాట పాటించానని సంతోషపడబోయి ఆగిపోయాడు. సొంత మాటకు ప్రభువు పేరు తగిలించడం ప్రవక్త పని కదా, తను చేసిందేమిటి? ఆనాటినుంచి ప్రభురాత్రి భోజనంలో రొట్టె ముట్టలేదు. అడిగినవాళ్లకు పన్ను నొప్పని చెప్పి, లోలోపల ఎంతో కుమిలిపోయాడు.

ఏడాదిన్నర దాటాక నూకాలమ్మ బాగుపడింది. అదంతా ప్రవక్త మహిమేనని సంఘం తేల్చేసింది, మళ్లీ పిలుద్దామంది. ఇక ఊరుకుంటే ఇంకెవరి మందులు పారేయిస్తాడో! ఆదివారం అసిరయ్య లేచి నిలబడ్డాడు.

"ఆయన మందు పారేయమన్నాడు. నేను మార్చి చెప్పాను. దేవుడి పేరుమీద అబద్ధమాడాను, నన్ను చమించండి."

నూకాలమ్మ పకపకా నవ్వింది.

"ఇరవయ్యేళ్లుగా హిందీలో బేరాలాడి కూరలమ్ముతన్నాను. దవాయి ఫేంక్ దో అంటే నాకు తెలీదేటి, అన్నా? ఆయన గుక్క తిప్పుకోకుండా కేకేసినాడు. నువ్వు గుటకలు మింగి సెప్పినావు. ఏది దేవుడి మాటో అప్పుడే పోల్చుకున్నాను."

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా? రొట్టె ముట్టకుండా ఉండిపోయానే!"

నూకాలమ్మ నవ్వు ఆగిపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పన్ను నొప్పన్నావు కదన్నా. నీ అబద్ధాల్లో అదొక్కటే నమ్మేసినాను."