రేపు మాస్టర్ గారి పిల్లి

ఆ దర్జీని అందరూ రేపు మాస్టర్ అనేవారు. చెప్పిన రోజుకి బట్టలు కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు మరి. అయినా కొట్టు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. బట్ట ఇవ్వకపోయినా కథ ఇచ్చేవాడు. దారపు ఉండ దొర్లుతుంది, దాని వెంట పిల్లి పరుగెడుతుంది, పిల్లిని తప్పించబోయి పక్కింటావిడ బిందె వదిలేస్తుంది, ఆ నీళ్లన్నీ వచ్చి సరిగ్గా మీ జాకెట్టు గుడ్డనే తడుపుతాయి. దులిపేద్దామని వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లేవారు. కథలో పిల్లి దూరాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరని అతని అనుభవం. నిజానికి ఆ ఇంట్లో ఏనాడూ పిల్లి లేదు.

నవ్వనిది ఒక్క కూతురే. బడి యూనిఫాం బదులు కూడా కథలే తొడుక్కుని పెరిగింది పాపం. ఇప్పుడా అమ్మాయికి పళ్ల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం తొమ్మిదింటికల్లా తెల్లకోటుతో హాజరు కావాలి, లేదంటే జాబితాలో రెండో పేరున్న అమ్మాయిని పిలుస్తారు.

"బజార్లో కొనుక్కుంటాను నాన్నా" అంది.

"దర్జీ కూతురివి, నీకు కొన్న కోటా? నేను కుట్టి ఇస్తా" అన్నాడు.

మాట ఇచ్చాక మొదటిసారి అతనికి భయం వేసింది. ఆదివారానికే కోటు కుట్టేశాడు. ఒక్క గుండీ మిగిలింది.

సోమవారం ఏడింటికి ఆ గుండీ చేతిలోంచి జారింది. వంగి తీసుకుని లేస్తుంటే తల బల్లకు కొట్టుకుంది. బల్ల మీది మిషన్ నూనె డబ్బా ఒరిగి కోటు చేతి మీద పడింది. ఆ చేతిని సబ్బుతో ఉతికి, నీళ్లు కారుతుండగానే ఇస్త్రీ పెట్టె ఆనించాడు. పాత వైరుకు తడి తగిలి బిల్డింగు మొత్తానికీ ఫ్యూజు పోయింది. అది వేయగలిగిన ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్, మూడో అంతస్తు నుంచి పనికి దిగుతూ లిఫ్టులో ఇరుక్కున్నాడు.

"ఎవరయ్యా ఫ్యూజు తగలేసింది?" అని లిఫ్టులోంచి కేకలు. మాస్టర్ ఇస్త్రీ పెట్టెను బల్ల కిందకి తోసేశాడు.

ఎనిమిదిన్నరకి కూతురు వచ్చి నిలబడింది.

"గుండీ కింద పడిందమ్మా..."

"కథలు కొట్టుకి వచ్చేవాళ్లకి చెప్పు నాన్నా. నాకు కోటు ఇవ్వు."

ఇన్నాళ్లూ అబద్ధాలతో నెగ్గుకొచ్చినవాడికి తీరా నిజం చెబుదామంటే అది చెల్లలేదు. తడి కోటే అందించాడు.

తండ్రి స్కూటర్ వెనక కూర్చున్నాక ఆమెకు అతని తల మీద బొప్పి కనిపించింది. అదేమిటని అడిగితే గుండీ నుంచి లిఫ్టు దాకా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఊ కొట్టలేదు. ఆసుపత్రి చేరేసరికి తొమ్మిదీ ఇరవై అయింది. ఆమె లోపలికి వెళ్తే, అతను తలుపు పక్కన నక్కి నిలబడ్డాడు.

"మొదటి రోజే ఆలస్యం, పైగా తడి కోటు. ఏమైంది?" అంది పెద్ద డాక్టరమ్మ.

బయట మాస్టర్ తలుపుకి చెవి ఆనించాడు.

"గుండీ కింద పడింది మేడమ్" అని మొదలుపెట్టింది కూతురు. బల్ల, నూనె, ఇస్త్రీ, ఫ్యూజు, ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పుకొచ్చింది.

"ఎలక్ట్రీషియనే లిఫ్టులో ఇరుక్కున్నాడా? నన్ను నమ్మమంటావా?"

"అతని సంచిలో మా పిల్లి కూడా ఉంది మేడమ్."

లోపల డాక్టరమ్మ నవ్వు వినిపించింది. "రేపటి నుంచి తొమ్మిదంటే తొమ్మిదే. ఇప్పుడు కూర్చో. ఆ పిల్లి ఏం చేసింది?"

బయట మాస్టర్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. తన కథలు ఈ పిల్ల ఏనాడూ వినలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాడు.