నిలువు తండా

చదువు చివరి ఏడాదికి వచ్చేసరికి ప్రపంచమంతా తన డ్రాయింగు షీటు మీదే ఒదిగి కూర్చున్నట్టు అనిపిస్తుంది మనిషికి. ఆ రోజుల్లో నాకూ అలాగే అనిపించేది. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదువుతూ, ఆఖరి ప్రాజెక్టు కోసం టేకులపల్లి దగ్గరి మా తండాను నిలువునా లేపాను. ఇళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆకాశహర్మ్యం చేశాను. ఇళ్లు మీదికి పోతే కింది నేలంతా చేనుకూ అడవికీ మిగులుతుందని నా సిద్ధాంతం. కాలేజీలో మార్కులు బాగానే పడ్డాయి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఏ అంతస్తుకా అంతస్తు ఊడి వచ్చేలా అట్టతో చేసిన ఆ నమూనాను పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చాను. (కండక్టరు దానికి కూడా టికెట్ తీసుకోమన్నాడు.)

వాకిట్లో మంచం మీద పెట్టగానే తండా అంతా మూగింది. ఇది ఉత్త బొమ్మేనని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "సర్కారు సాంక్షన్ చేసిందంట" అన్న మాట అప్పటికే చివరి ఇంటికి చేరిపోయింది. మా కాకా, అంటే నాన్న తమ్ముడు, కళ్లద్దాలు సవరించుకుని "మాది ఏ అంతస్తు బిడ్డా?" అన్నాడు. చూపించాను. సరిగ్గా మా ఇంటి కింద. పక్కనే ఉన్న ఆయన భార్య, మా కాకీ, ముఖం మాడ్చుకుంది. (మా లంబాడీలో పిన్నిని కాకీ అంటాం, పక్షితో సంబంధం లేదు. ఆ తర్వాతి గొడవ సగం మా భాషలోనే జరిగింది, మీ కోసం అంతా తెలుగులో రాస్తున్నాను.)

"అంటే మా అక్క నా నెత్తి మీద కాపురం చేస్తదా?" అంది.

"నేనేమన్న నీ నెత్తి మీద రోలు పెట్టి దంచుతనా?" అంది మా అమ్మ.

"ఏమో, దంచినా దంచుతవ్!"

నేను తెలివిగా ఇద్దరినీ అటూ ఇటూ మార్చాను. కాకీ పైకెక్కింది, అమ్మ అలిగింది. సరే అని అమ్మను అన్నింటికంటే పైకి పంపితే, "కరెంటు పోతే మేకలెట్ల ఎక్కుతయి?" అన్నాడు నాన్న. సాయంత్రానికి రెండిళ్ల మధ్య మాటలు బందయ్యాయి.

నవ్వులాట అక్కడితో ఆగింది. అది మిర్చి పండే కాలం. ఒకరి చేనుకు ఒకరం పోయి కాయ ఏరుకోవడం మా పద్ధతి. మర్నాడు మా చేనుకు కాకీ రాలేదు, ఆమెను చూసి మిగతావాళ్లూ రాలేదు. పైన మబ్బు పట్టింది, వాన పడితే కాయంతా పాడవుతుంది. అమ్మా నాన్నా నేనూ ముగ్గురమే ఏరుతూ ఉంటే, కట్టని ఇంటి కోసం కట్టుకున్న ఇళ్లు విడిపోతున్నాయనిపించి నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే నమూనాను తీసుకెళ్లి కాకీ వాకిట్లో దింపాను. "దీన్ని ఏం చేస్తవో నువ్వే చెయ్యి కాకీ" అన్నాను. ఆమె కాసేపు చూసి, చెయ్యి పెట్టి తన అంతస్తు ఊడబెరికింది. పైవన్నీ టపటపా కూలాయి. "నా ఇల్లు నేను గిక్కడ పెట్టుకుంట" అని నేల మీద పెట్టింది. చప్పుడుకు వచ్చిన అమ్మ, వంగి మా ఇల్లు ఏరి, కాస్త ఎడంగా పెట్టింది. కాకీ దాన్ని దగ్గరికి జరిపింది. ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తు లేదు. ఇరుగుపొరుగు కూడా వచ్చి ఎవరి ఇల్లు వాళ్లు ఏరుకునేసరికి నా ఆకాశహర్మ్యం నేల మీద గుండ్రంగా కూర్చుంది.

"ఈ నడుమ జాగ ఏందే, ఇంజినీరమ్మా?" అంది కాకీ.

"ఏం లేదు, ఖాళీ."

"గింత నీడ వెయ్యరాదు? మిర్చి తొడిమెలు తీసుకుంట కూసుంటం. ఎండకు నెత్తి పగులుతాంది."

మర్నాడు అందరూ మా చేనుకు వచ్చారు. వాన కూడా పెద్దమనసు చేసుకుని ఆగింది. ఎండలు ముదిరేలోగా తండా మధ్యలో ఒక ఎత్తరుగు, దాని మీద రేకుల కప్పు లేచాయి. గీసింది నేనే. గోడల్లేవు, తలుపుల్లేవు, అంతస్తుల సంగతి అడగొద్దు. నేను గీసినవాటిలో నిజంగా నిలబడ్డ మొదటి కట్టడం అదే.

ఇప్పుడు ఖమ్మంలో నాకో చిన్న ఆఫీసు ఉంది. కట్టని మేడలు బీరువా నిండా ఉన్నాయి, తీరిక దొరికితే ఇంకొకటి గీస్తాను. మేఘాలను అందుకోవాలన్న ఆశ వయసుతో తగ్గుతుందని ఎవరో అన్నారు గానీ, నా విషయంలో ఆ సూచనలేవీ లేవు. మొన్న ఒక పెద్దాయన వచ్చి రెండంతస్తుల ఇల్లు కావాలన్నాడు. నేను ఐదు గీసి చూపించాను. "గింత ఎత్తెందుకమ్మా?" అన్నాడు కానీ లేచి పోలేదు. చాయ్ తాగుతూ ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. చాయ్ అయ్యేసరికి మూడంతస్తుల దాకా వచ్చాడు. నేనింకా నాలుగు దగ్గరే ఉన్నాను.