అక్కను తీసిన మొదటి ఫొటో

ఇవాళ బీరువా సర్దుతుంటే రీలు పెట్టుకునే నల్లటి ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత తీయగానే అదే మందు వాసన. మీకూ గుర్తుందా, ముప్పై ఆరు ఫొటోలే వస్తాయని ఆచితూచి నొక్కిన రోజులు?

మేం లాలాగూడ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాకు పదేళ్లప్పుడు నాన్న మొదటిసారి కెమెరా చేతికిచ్చాడు. రీలులో మిగిలిన ఆఖరి ఫొటోకు అక్కను గుమ్మంలో నిలబెట్టాను. కొత్త లంగా ఓణీ అంచు మొత్తం పడాలని కెమెరాను కిందికి వంచాను. రీలు కడిగిన స్టూడియో ఆయన ప్రింటు చూపించి నవ్వాడు.

“ఏందమ్మా, మీ అక్క తలకాయేది? ముందుగాల కండ్లు చూడాలె, గప్పుడు నొక్కాలె.”

ఇంటికొచ్చి ఏడుస్తుంటే అక్క దగ్గరికి తీసుకుంది.

“ఏడ్వకే. దసరాకు ఇంకో రీలు కొందాం. నా మొఖం యాడికి పోతది?”

దసరా రాకముందే కామెర్లతో అక్క పోయింది. అక్క పెద్దయ్యాక తనను తీసిన ఫొటో అదొక్కటే.

ఆ తర్వాత ఎవరిని తీసినా ముందు కళ్లే చూశాను. ఫొటో తీయడం అలాగే నేర్చుకున్నాను.

అమ్మ మాత్రం ఆ ఫొటోనే ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది. చూసినవాళ్లు ఇదేం ఫొటో అని అడిగితే, నావైపు చూడకుండా చెప్పేది.

“తీసింది చిన్నపిల్ల గదా.”